ఆరు గంటల తరువాత

"నత్తలు సన్నగా ఉండాలమ్మాయ్, బియ్యపుగింజంత. లావైతే సూపులో పురుగుల్లా తేలతాయి," అంది అత్తగారు ఎటెల్కా ఫోనులో.

ఈ మాట అనడం ఈ వారంలో ఇది మూడోసారి. ఎమెషె ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "అలాగే అత్తయ్యా" అంటూనే, గోరంత పిండి చదరాన్ని గీతల చెక్క మీద పెట్టి సన్నటి పుల్లతో ఒక్క తోపు తోసింది. చదరం పుల్లకి చుట్టుకుని, ఒంటినిండా చారలతో బుల్లి నత్తగుల్లలా జారి గుడ్డ మీద పడింది. దాని చుట్టూ అలాంటివి ఓ వెయ్యి దాకా ఆరుతున్నాయి. ఇంకో వెయ్యి కావాలి. ఆదివారం ఎటెల్కాకి డెబ్భై అయిదేళ్ళు నిండుతాయి. పదహారు మంది అత్తగారింటికి భోజనానికి వస్తారు. అలాంటి రోజున కోడిసూపులో కొట్లో కొన్న సేమ్యా వేసిన ఇంటి గురించి దెబ్రెత్సెన్ ఊళ్ళో ఆడవాళ్ళు పదేళ్ళ తర్వాత కూడా చెప్పుకుంటారు.

భర్త లోరాంట్ పరీక్ష కాగితాల కట్ట చంకన పెట్టుకుని మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చాడు. హైస్కూల్లో భూగోళం చెబుతాడు. గ్లాసు పట్టుకుని కాసేపు నిలబడి చూసి, "నువ్వు ఇవి చుడుతుంటే చూడటానికి భలే హాయిగా ఉంటుంది. ధ్యానంలో కూర్చున్నట్టుంటావు. నీక్కూడా విశ్రాంతే కదా," అన్నాడు.

బల్ల కింద ఎమెషె కాలి మడమ నేలను తడుతూనే ఉంది. గంట నుంచీ తడుతోంది. బల్లగుడ్డ అడ్డం గనక అది అతనికి కనిపించదు. ఇంకో చదరం తీసుకుంది. తోసింది. పడింది. ఇంకోటి. ఆమె మనసు పిండి దగ్గర లేదు. పదిహేను రోజుల కిందట ల్యాబులో మరిచిపోయి వచ్చిన ప్లేటు దగ్గర ఉంది. ఆ ప్లేటు పళ్ళ సందున ఇరుక్కున్న పీచులా ఆమెను పడుకోనివ్వడం లేదు, కూర్చోనివ్వడం లేదు.

ఎమెషె పనిచేసేది ఊరి చివర చెట్ల మధ్యనున్న ఒక పరిశోధన సంస్థలో. పని చెప్పడానికి సులువే. ఆరోగ్యంగా ఉన్న మనుషుల రక్తం తీసుకుని యంత్రంలో గిరగిరా తిప్పితే ఎర్రకణాలు అడుగుకి దిగుతాయి, మధ్యలో మీగడలాంటి పలచని పొర తేలుతుంది. ఒంట్లోకి రోగం చొరబడితే ముందుగా మేల్కోవలసిన కణాలు ఆ పొరలో ఉంటాయి. వాటికి శత్రువు వచ్చిందన్న అబద్ధపు కబురు అందించి, ఎన్ని మేల్కొంటాయో చూస్తారు. మేల్కొన్న కణం ఒంటి మీద ఒక గుర్తు తేలుతుంది. దానికి అంటుకునే రంగు వేస్తే లేజరు ముందు ఆ కణం వెలుగుతుంది. యంత్రం కణాలను ఒక్కొక్కదాన్నే లేజరు ముందు నుంచి నడిపిస్తుంది. ఒక్కో కణానికి తెర మీద ఒక్కో చుక్క. ఒకే మనిషి రక్తం, కణాలు పోసే గుంటల ప్లేటులో ఒకే గుంట, ఒకే కబురు. అయినా మూడింట రెండు వంతులు వెలుగుతాయి, మూడో వంతు చీకట్లోనే ఉండిపోతాయి.

ఆ మూడో వంతుకి ప్రొఫెసర్ సిలార్డ్ గారు పెట్టిన పేరు 'అసమర్థ కణాలు'. ల్యాబులో ముద్దుపేరు బద్ధకిష్టులు. ల్యాబులో పనిచేసేవాళ్ళే రక్తదాతలు. పేర్లుండవు, నంబర్లే. బద్ధకిష్టులు అందరికన్నా ఎక్కువగా కనబడేది నాలుగో నంబరు దాత రక్తంలో. "ఈ నాలుగో నంబరు ఎవరో గానీ మధ్యాహ్నందాకా మంచం దిగే రకం కాదు," అని ప్రొఫెసర్ గారు ప్రతి మీటింగులోనూ ఒకసారి అంటారు. అందరూ నవ్వుతారు. ఎమెషె కూడా నవ్వుతుంది. తన రక్తం గొట్టం మీద నర్సు అంటించే నంబరు నాలుగు. పొద్దున అయిదింటికి లేచి, కూతురికి సాండ్‌విచ్ కట్టి, భర్త చొక్కా ఇస్త్రీ చేసి, మొదటి ట్రాము పట్టుకునే మనిషి ఆమె.

ఆమె ఈ ల్యాబుకి సహాయకురాలిగా రాలేదు. ఇరవై రెండేళ్ళ కిందట డాక్టరేటు చెయ్యడానికి వచ్చింది. సగంలో లిల్లా కడుపున పడింది. ఇక్కడ తల్లులకి మూడేళ్ళ సెలవు ఇస్తారు. "తీసుకో. చదువెక్కడికి పోతుంది, పోయేది పిల్ల పసితనమే," అన్నాడు లోరాంట్ అప్పుడు. ప్రేమగానే అన్నాడు. మూడేళ్ళకి తిరిగొస్తే ఆమె చేస్తున్న విషయం ఇంకొకరి చేతికి వెళ్ళిపోయింది. ప్రొఫెసర్ గారు చాలా బాధపడి, సహాయకుల ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉందనీ, నాలుగింటికల్లా ఇల్లు చేరవచ్చనీ, పిల్లతల్లికి అంతకన్నా అనువైనది లేదనీ చెప్పారు. అప్పటినుంచీ ఆమె చేతుల గురించి పొగడని వారం లేదు. "ఎమెషెమ్మా, మీ చేతులు బంగారం." ఇన్నేళ్ళలో ఎవరూ ఆమె తల గురించి ఏమీ అనలేదు, తలనొప్పి వచ్చినప్పుడు తప్ప.

ల్యాబునుంచి వెలువడిన వ్యాసాల చివర, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో, "సాంకేతిక సహాయానికి బొద్నార్ లోరాంట్‌నేకి కృతజ్ఞతలు" అని ఉంటుంది. బొద్నార్ లోరాంట్‌నే అంటే బొద్నార్ లోరాంట్ గారి భార్య. పెళ్ళినాడు రిజిస్ట్రారు ఏ పేరు పెట్టుకుంటావని అడిగితే, ఎటెల్కా వెనకనుంచి వీపు మీద వేలితో పొడిచింది, మా ఇంటి ఆడవాళ్ళందరూ ఇలాగేనని. ఆ పేరులో ఎమెషె ఎక్కడా లేదు. పదేళ్ళ వయసులో లిల్లా ఒక వ్యాసం చూసి, "నాన్న కూడా మీ ల్యాబులో పనిచేస్తాడా అమ్మా?" అని అడిగింది.

ఇక ఆ ప్లేటు సంగతి. కబురందించిన ఆరు గంటలకి కణాలను చూడాలన్నది ల్యాబు నియమం. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే మూడింటికి ఆరు గంటలవుతుంది. నాలుగింటికల్లా సహాయకులు ఇంటికి వెళ్ళాలి. ప్రొఫెసర్ గారి గురువుగారి కాలం నుంచీ అంతే. ఆరే ఎందుకని ఎవరూ అడగలేదు. నాలుగున్నరకి బడి దగ్గర ఉండవలసిన ఎమెషె కూడా అడగలేదు. ఆ గురువారం ఒకే రక్తంతో రెండు ప్లేట్లు పెట్టింది, ఒకటి పాడైతే రెండోది ఉంటుందని. మొదటిదాన్ని యంత్రానికి ఇచ్చి రెండోదాని వైపు తిరిగేసరికి ఫోను మోగింది.

"అమ్మ కంటాసుపత్రిలో కూర్చునుంది. మందు వేశారు, ఏమీ కనబడటం లేదట. నాకు స్టాఫ్ మీటింగు. నువ్వెళ్ళి తీసుకురా," అన్నాడు లోరాంట్.

"పనిలో ఉన్నాను."

"ప్లేట్లే కదా. అవెక్కడికీ పోవు."

పోలేదు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఇంక్యుబేటర్ తలుపు తెరిస్తే రెండో ప్లేటు అక్కడే ఉంది, పై అరలో, వెచ్చగా. దాన్ని పసుపు బకెట్లో పారెయ్యడం నియమం. బంగారు చేతులు పారెయ్యడానికే అందుకున్నాయి. ఏమనిపించిందో, రంగులు వేసి, చచ్చిన కణాలను వేరుగా పట్టించే రంగు కూడా కలిపి, యంత్రం ముందు కూర్చుంది. చుక్కలు ఒక్కొక్కటే రాలుతుంటే మొదట తప్పు ప్లేటు పెట్టానేమో అనుకుంది. చీకటి గుంపు ఉండవలసిన చోటు దాదాపు ఖాళీగా ఉంది. నిన్న వెలిగినవి మసకబారుతున్నాయి. నిన్న వెలగనివి ఇవాళ వెలుగుతున్నాయి, కొన్ని కొంచెంగా, కొన్ని భగ్గుమని. ఏ రెండూ ఒక్కలా లేవు. మొత్తం సగటు తీస్తే మాత్రం నిన్నటి ప్లేటుకీ దీనికీ ఇంచుమించు ఒకటే అంకె. సగటు చూసేవాళ్ళకి ఏమీ జరగనట్టే. ఎమెషె ఆ అంకె కేసి చాలాసేపు చూసింది. లోరాంట్ స్నేహితులతో "మా ఇంట్లో గొడవలన్న మాటే లేదు" అంటుంటాడు. నిజమే. ఇంట్లో వాళ్ళందరి సుఖాన్నీ ఒకచోట కలిపి తలకింత అని పంచితే అంకె బాగానే వస్తుంది.

ఆ వేళే ప్రొఫెసర్ గారికి చూపించింది. గదిలో దేనెష్ కూడా ఉన్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళవాడు, డాక్టరేటు చేతికొచ్చి రెండేళ్ళయింది. అసమర్థ కణాల మీద వ్యాసంలో మొదటి పేరు అతనిదే. మంచివాడే, తలుపు తెరిచి పట్టుకుంటాడు, ఆంటీ అని పిలుస్తాడు.

"ఇరవై మూడు గంటలు వదిలేసిన ప్లేటు ఆంటీ ఇది. చచ్చిన కణాలు ఏ రంగునైనా పీల్చేస్తాయి," అన్నాడు.

"చచ్చినవాటిని తీసేసే చూశాను."

"ఓ."

ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మరిచిపోయిన ప్లేటు మీద సిద్ధాంతం కడతామా ఎమెషెమ్మా? ఈ మధ్య మీకు ఇంటి ఒత్తిడి ఎక్కువైనట్టుంది. ఎన్నడూ లేనిది మీరు మరిచిపోవడమేమిటి? ఒక రోజు సెలవు పెట్టండి. అది మాత్రం పారేయండి."

ప్లేటు పారేసింది. మరిచిపోయినందుకు క్షమాపణ కూడా చెప్పింది. ట్రాములో ఇంటికొస్తూ, తాను దేనికి క్షమాపణ చెప్పిందో, ఎవరి తల్లికి కనబడకపోతే ఎవరు మరిచిపోయారో లెక్క తెగక, తన స్టాపు దాటి రెండు స్టాపులు ముందుకు వెళ్ళిపోయింది.

నత్తలు చుట్టిన మర్నాడు శుక్రవారం. పొద్దున్నే దేనెష్ ఒక కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. వ్యాసాన్ని పత్రికవాళ్ళు దాదాపు ఒప్పుకున్నారు. సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపల చివరి ప్రతి పంపాలి. దానితోపాటు, ప్రయోగాలు చేతులతో చేసిన మనిషి సంతకం పెట్టిన కాగితం కావాలి: ఈ విషయం మీద నేను చేసిన ప్రయోగాల ఫలితాలన్నీ ఇందులో పూర్తిగా ఉన్నాయి.

"సోమవారం రాగానే పెట్టెయ్యండి ఆంటీ. ఫార్మాలిటీయే," అన్నాడు.

ఎమెషె 'పూర్తిగా' అన్న మాటను చూసింది. సంతకం పెడితే, ఈ ల్యాబునుంచి ప్రపంచానికి వెళ్ళే మాట ఇది: మూడో వంతు కణాలకు చేతకాదు. రేపు ఎవరో మందు తయారు చేస్తూ ఆ మాట నమ్మి, ఆ కణాలను లెక్కలోంచి తీసేస్తారు. పెట్టకపోతే, ఎందుకు పెట్టవని అడుగుతారు. ఒక మరిచిపోయిన ప్లేటు తప్ప చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఆ ఒక్కటి చాలదని ఆమెకే తెలుసు. ఏం చేస్తే చాలుతుందో కూడా తెలుసు. ఆరు గంటలప్పుడు వెలగని కణాలను మాత్రమే యంత్రంతో ఏరి, వేరే ప్లేటులో పెట్టి, మర్నాటిదాకా ఆగి చూడాలి. ఒక్కరి రక్తంతో కాదు, ముగ్గురిది. సోమవారం లోపల యంత్రం ఖాళీగా ఉండేది శనివారం, ఆదివారం మాత్రమే. పేర్లు రాసుకునే పుస్తకంలో ఆ రెండు గళ్ళూ తెల్లగా ఉన్నాయి. రాసేసింది. మూడున్నరకి రెండో నంబరు, నాలుగో నంబరు, ఏడో నంబరు దాతల కణాలను గడ్డకట్టించిన సీసాల్లోంచి తీసి, కరిగించి, రాత్రంతా తేరుకోవడానికి వెచ్చగా పెట్టి ఇంటికి బయల్దేరింది.

సాయంత్రం లోరాంట్ బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే చెప్పింది. అతను అప్పుడప్పుడు చెక్కు తీస్తాడు. తీసిన రోజు తీశానని అంటాడు.

"ఆదివారమా? ఏ ఆదివారం?"

"ఎల్లుండి."

అతను నవ్వాడు, తర్వాత ఆమె మొహం చూసి ఆపేశాడు. "ప్రొఫెసర్ రమ్మన్నాడా?"

"లేదు."

"మరెవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదు."

ఎవరూ రమ్మనకుండా ఈ ఇంట్లోంచి ఎమెషె ఎక్కడికీ వెళ్ళలేదు. ఆస్పత్రికి, బడికి, బజారుకి, అత్తగారింటికి. ఎప్పుడూ ఎవరో ఒకరు అటువైపు ఎదురుచూస్తూ ఉండేవారు.

"అమ్మకి ఏం చెప్పను?" అన్నాడు లోరాంట్.

"పని ఉందని చెప్పు."

"ఆదివారం పూట నీకు వేరే పనేముంటుందని అడుగుతుంది."

"అప్పుడేం చెప్పాలో ఆలోచించుకో. రెండ్రోజుల టైముంది."

"ఎమెషె, వాళ్ళు నీకు జీతం ఇచ్చేది చెప్పిన పని చేసినందుకు. ఆలోచించడానికి అక్కడ వేరే మనుషులున్నారు. నేనేం తప్పు మాట్లాడటం లేదు, ఉన్న మాటే."

"తెలుసు. అందుకే జీతం లేని రోజు వెళ్తున్నా."

"మరి సూపెవరు కాస్తారు? కేకు?"

"కేకు రేపు సాయంత్రం చేస్తా. కోడి కడిగి ఫ్రిజ్‌లో పెట్టాను. కూరగాయలు రేపు తరిగి డబ్బాలో పెడతా. నత్తలు సంచిలో ఉన్నాయి. నేను తప్ప అన్నీ వస్తున్నాయి."

అతను కత్తి కింద పెట్టాడు. చెక్కు తీసిన దుంపలు నాలుగు, తియ్యనివి ఆరు. మిగిలిన ఆరూ ఆమే తీసింది. తీస్తూ, ఇప్పుడు కూడా తానే ఎందుకు తీస్తోందో అనుకుంది. చేతులకి అలవాటు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి మూడు రక్తాల కణాలకూ కబురందించింది. ఖాళీ ల్యాబులో ఫ్రిజ్‌ల చప్పుడు తప్ప ఏమీ లేదు. కూర్చోలేక గాజు సామాను కడిగింది, ఎవరో మరిచిపోయిన కాఫీ కప్పులు కూడా కడిగి, మధ్యలో ఆపేసింది. కబురందించని కణాలు కొన్ని పక్కన పెట్టింది, పోల్చి చూడటానికి. మూడింటికి యంత్రం వెలగని కణాలను ఒక్కో చుక్కగా ఏరి ఇచ్చింది. వాటిని కొత్త ప్లేటులో సర్ది, ఇంక్యుబేటర్ తలుపు మూసి, రెండుసార్లు లాగి చూసింది.

ఇంటికొచ్చి కేకు పొయ్యిలో పెట్టేసరికి ఎటెల్కా ఫోను.

"లోరాంట్ చెప్పాడు. నమ్మలేదు, అందుకే నిన్నడుగుతున్నా."

"నిజమే అత్తయ్యా. భోజనానికి రాలేను. మూడింటికల్లా వస్తాను."

"మూడింటికి వచ్చి ఏం చేస్తావు, గిన్నెలు కడుగుతావా?" ఎటెల్కా ఊపిరి తీసుకుంది. "నేను బేరింగుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు చేశాను. షిఫ్టుల్లో చేశాను. ఒక్క ఆదివారం కూడా సూపు తప్పలేదు. పన్నెండు గంట కొట్టేసరికి బల్ల మీద పొగలు కక్కుతూ ఉండేది. మామయ్యగారు ఎప్పుడైనా గడియారం చూడవలసి వచ్చిందేమో అడుగు, ఆయన ఉంటే చెప్పేవారు."

"తెలుసు అత్తయ్యా."

"తెలిసి ఏం లాభం," అని పెట్టేసింది.

ఆ ఇరవై ఆరేళ్ళ మాట ఎమెషె చాలాసార్లు విన్నది. అత్తగారు అది గొప్పగా చెబుతుందో, ఇంకెలా చెప్పాలో తెలియక చెబుతుందో ఆమెకి ఎన్నడూ అంతుపట్టలేదు. కేకు తీసి, పొడి చక్కెర జల్లి, పెట్టెలో పెట్టింది.

ఆదివారం ట్రాములో ఆమె, చర్చికి వెళ్తున్న ఇద్దరు ముసలివాళ్ళు తప్ప ఎవరూ లేరు. తుమ్మపూల వాసన కిటికీలోంచి లోపలికొస్తోంది. దిగి నడుస్తుంటే అడుగడుగునా ఆమె మనసు వెనక్కి లాగింది. ఇప్పుడు కూరగాయలు నీళ్ళలో వేసి ఉంటారా? మంట తగ్గించమని చెప్పానా? ఈ పాటికి అందరూ నా గురించే మాట్లాడుకుంటూ ఉంటారు. ఒకవేళ ఆ కణాలు వెలగకపోతే? దేనెష్ చెప్పిందే నిజమైతే, ఈ ఇరవై నాలుగు గంటలూ, ఆ మాటలూ, అన్నీ ఒక మరుపుని కప్పిపుచ్చుకోవడానికే అయినట్టు. సోమవారం సంతకం పెట్టి, ఇంటికెళ్ళి క్షమాపణ చెప్పాలి. రెండు చోట్లా ఎలా చెప్పాలో ఆమెకి బాగా తెలుసు. వెనక్కి తిరగడం ఎంత సులువో తెలిసేకొద్దీ కాళ్ళు వేగంగా నడిచాయి.

తొమ్మిదింటికి ప్లేటు తీసింది. రంగులు వెయ్యడానికి, కడగడానికి రెండు గంటలు పట్టింది. పదకొండింటికి యంత్రం మొదలైంది. మొదట కబురందించని కణాలు. తెర అడుగున చీకటి ముద్ద, అది సరే. తర్వాత రెండో నంబరు. నూటికి యాభై ఎనిమిది వెలిగాయి. ఏడో నంబరు, యాభై ఒకటి. ఆమె కుర్చీలోంచి లేచి, గది చుట్టూ ఒకసారి నడిచి వచ్చి కూర్చుంది. నాలుగో నంబరు పెట్టింది. చుక్కలు ఒకటొకటిగా మొదలై, తర్వాత జల్లుగా, అంచు దాటి పైకి పైకి పడుతుంటే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నూటికి డెబ్భై ఒకటి. నిన్న మూడింటికి ఇవన్నీ చేతకానివి. వీటికి కబురు అందకపోవడం కాదు, విని ఊరుకోవడమూ కాదు. ఎంత సమయం పడుతుందో అంత తీసుకున్నాయి. ఒక్కోటి ఒక్కోలా తీసుకుంది. వెలగనివి ఇంకా ఉన్నాయి. వాటి గురించి ఆమెకి ఏమీ తెలియదు. తెలియదనే రాసుకుంది.

పన్నెండు గంటలు కొట్టడం మొదలైంది, ముందు దగ్గరి చర్చి, తర్వాత ఊళ్ళోని పెద్ద చర్చి. దేశంలో బల్లల ముందు అందరూ కూర్చుని చెంచాలు అందుకునే వేళ. ఆ వేళ ఎవరూ ఎవరికీ ఫోను చెయ్యరు. ఎమెషె ప్రొఫెసర్ గారి ఇంటికి ఫోను చేసింది.

"ఎవరైనా పోయారా?" అన్నారాయన ఎత్తగానే.

"లేదండి. ఎమెషెని. ల్యాబునుంచి."

"ఆదివారం పన్నెండింటికా?" వెనక చెంచాల చప్పుడు, ఆయన భార్య ఎవరని అడుగుతున్న గొంతు. "ఏదైనా తగలబడిందా?"

"వెలగని కణాలను ఏరి, విడిగా ఉంచి చూశానండి. ముగ్గురి రక్తంతో. సగానికి పైగా వెలిగాయి. కబురందించనివి వెలగలేదు. చచ్చినవాటిని తీసేశాను. లెక్కలన్నీ పుస్తకంలో రాసి పెట్టాను."

అటువైపు కుర్చీ జరిగింది, తలుపు మూసుకుంది. చెంచాల చప్పుడు ఆగింది.

"నాలుగో నంబరు?" అన్నారు మెల్లగా.

"డెబ్భై ఒకటి."

"మీకెవరు చెప్పారు ఇది చెయ్యమని?"

"ఎవరూ చెప్పలేదండి."

"ఎమెషెమ్మా, రేపు పన్నెండింటికి వ్యాసం వెళ్ళాలి. ఇప్పుడు మార్చడం కుదిరే పని కాదు. దీన్ని తర్వాత విడిగా వేద్దాం. మీ శ్రమ వృథా పోనివ్వను, కృతజ్ఞతల్లో ప్రత్యేకంగా రాయిస్తాను."

"గడువు అడగండి, ఇస్తారు. ఈ ఫలితం లేకుండా ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేను. పూర్తిగా అని ఉంది అందులో." ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి ఆగలేదు. "కృతజ్ఞతలు వద్దండి. రాసినవాళ్ళ వరుసలో పెట్టండి, కెరెకెష్ ఎమెషె అని."

"కెరెకెషా? ఆవిడెవరు?"

"నేనేనండి. ఇరవై రెండేళ్ళ కిందట మీ దగ్గర డాక్టరేటుకి చేరిన అమ్మాయిని."

ఆయన రేపు ఎనిమిదింటికి పుస్తకం తీసుకుని రమ్మన్నారు. సరేనని అనలేదు, కాదనీ అనలేదు. ఫోను పెట్టేశాక ఎమెషె లెక్కల పుస్తకాన్ని మూసి, రెండు అరచేతులూ దాని మీద ఆనించి కూర్చుంది. రేపు ఏమవుతుందో తెలియదు. సంతకం మాత్రం పెట్టదు. అది తెలుసు.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి లిల్లా, గుసగుసగా.

"అమ్మా, సూపు బల్ల మీద పెట్టారు. ఎప్పుడూ నువ్వే వడ్డిస్తావు కదా, ఇవాళ నన్ను వడ్డించమంటున్నారు. నువ్వు లేవు గనక ఆ పని నాదేనట. పదహారు మంది అమ్మా."

"నాన్నెక్కడ?"

"కూర్చున్నాడు. బాబాయి కూడా. అందరూ నా మొహం చూస్తున్నారు. గరిటె నా చేతిలో ఉంది."

లిల్లాకి పదహారేళ్ళు. ఆ బల్ల దగ్గర ఎమెషె మొదటిసారి గరిటె అందుకున్నప్పుడు ఆమెకి ఇరవై ఆరు. అప్పుడు కూడా అందరూ అలాగే చూశారు, ఆప్యాయంగా. ఆ ఆప్యాయత వల్లనే ఇన్నేళ్ళూ దాన్ని కింద పెట్టలేకపోయింది.

"ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద పెట్టమ్మా," అంది.

టక్కుమన్న చప్పుడు వచ్చింది.

"అత్తయ్యా, పుట్టినరోజు శుభాకాంక్షలు. లోరాంట్, ఆ గరిటె నువ్వు తీసుకో. లిల్లా, నువ్వు కూర్చో."

ఎవరూ కదిలిన చప్పుడు లేదు. ఎవరో దగ్గారు. బాబాయి కాబోలు ఏదో నవ్వులాట మొదలుపెట్టి మధ్యలో మింగేశాడు. అప్పుడు ఎటెల్కా గొంతు వినిపించింది, కొడుకుతో, ఎప్పటిలాగే చిరాగ్గా.

"ఏంట్రా అలా చూస్తావు? లేచి వడ్డించు. ముందు నాకు."